ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో: పాత ఎల్పీ కొనాలా, కొత్త రీఇష్యూనా?

డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు సంక్రాంతికి వస్తూ నెల ముందే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వడిగిన ఆ మూడు గిటార్ల రికార్డు నాలుగైదు రకాలు కనిపిస్తోంది. చవకదానికీ ఖరీదైనదానికీ ఐదారు రెట్లు తేడా ఉంది. లోపల పాటలు మాత్రం అవే. ఏది తేను?" అన్నాడు. సూట్‌కేసులో ఒక్కదానికే చోటుందని షరతు కూడా పెట్టాడు. ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడు పచ్చళ్లకీ, అప్పడాలకీ, సున్నుండలకీ దొరికే చోటు వచ్చేటప్పుడు రికార్డులకు ఎందుకు దొరకదో నాకెప్పుడూ అర్థం కాలేదు. కానీ వాడి ప్రశ్న మాత్రం సరైనదే.

ఆ రోజు ఫోన్‌లో గంటసేపు వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. టర్న్‌టేబుల్ కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది ఈ ఆల్బమ్ దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. వచ్చాక, ఏది కొనాలో తేలక ఇదే టెన్షన్ పడతారు.

ముందు రికార్డు గురించి. 1980 డిసెంబర్ 5, శుక్రవారం రాత్రి, శాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లోని వార్‌ఫీల్డ్ థియేటర్‌లో ముగ్గురు గిటారిస్టులు వాయించారు. స్పెయిన్ నుంచి, ఫ్లమెంకో అనే అక్కడి సంప్రదాయ సంగీతంలో విద్వాంసుడు పాకో డి లూసియా, ఇంగ్లండ్‌లో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికా కుర్రాడు అల్ డి మియోలా. వెనక డ్రమ్స్ లేవు, బేస్ లేదు, పియానో లేదు. మూడు అకూస్టిక్ గిటార్లు, ఊగిపోతున్న జనం, అంతే. ఆల్బమ్ 1981లో విడుదలైంది. జాజ్ అంటారు గానీ ఇందులో సగం ఫ్లమెంకో, కొంత బ్రెజిల్, ఒక ముక్క అమెరికన్ జాజ్ పియానిస్టు చిక్ కొరియాది. పేరు ఏదైనా, గిటార్ లైవ్ రికార్డు అనగానే హైఫై షాపులవాళ్లు మొదట తీసి పెట్టేది ఇదే.

మన చెవికి ఇందులో తెలిసిన వాసన ఒకటి తగులుతుంది. అది మెక్‌లాఫ్లిన్ వల్ల. ఆయన అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి శక్తి బృందం నడిపాడు. తర్వాత రిమెంబర్ శక్తి అని మళ్లీ కట్టినప్పుడు అందులో మాండలిన్ పట్టుకుని కూర్చున్నది మన పాలకొల్లు యూ. శ్రీనివాస్. ఈ ఆల్బమ్‌లో శ్రీనివాస్ లేడు, కర్ణాటక సంగీతమూ నేరుగా లేదు. అయినా ఇద్దరు వాద్యకారులు ఒకరి సంగతికి ఒకరు బదులిచ్చుకుంటూ వేగం పెంచుకుంటూ పోతుంటే, కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాలకు వదిలే భాగం) అలవాటున్నవాళ్లకు ఒళ్లు దానంతటదే నిటారుగా అవుతుంది.

ఇక ఎంపిక సంగతి. ఏ ప్రెస్సింగ్ (అంటే ఏ ముద్రణ) మంచిదని అడిగే ముందు, ఈ రికార్డు ఏ లోపాన్ని బయటపెడుతుందో తెలియాలి. హెవీ మెటల్ రికార్డు మీద చిన్న గీత ఉంటే గొడవలో కలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. గిటార్ తీగ మీటిన మొదటి క్షణం సూదిలా ఉంటుంది. ఆ వెంటనే చిన్న ఖాళీ. ఆ ఖాళీలో హాలు గాలి, ఎవరో దగ్గడం, ముందు వరసలో ఒకడి ఈల వినిపిస్తాయి. రికార్డు మీద దుమ్మున్నా, ముల్లు అరిగినా ఆ ఖాళీలోనే చిటపటమంటూ దొరికిపోతుంది. అందుకే నా లెక్కలో ఈ ఆల్బమ్‌కు మొదటి అర్హత నిశ్శబ్దం. రెండోది, మీటు మీటుకీ అంచు చెదరకుండా ఉండటం. అట్ట మీద '180 గ్రాములు' అన్న స్టిక్కర్ ఈ రెండింటికీ హామీ ఇవ్వదు.

ఆ బరువు విషయం ఇక్కడే తేల్చేద్దాం. పాత ఎల్పీలు చాలావరకు 120 నుంచి 140 గ్రాములు ఉండేవి. 180 గ్రాములది చేతికి బరువుగా, రాయిలా, గొప్పగా అనిపిస్తుంది. వంగడం కాస్త తక్కువ. కానీ గాడి లోతు రెండింటిలోనూ ఒకటే. బరువు పెరిగితే శబ్దం మెరుగుపడదు. మూల పళ్లెం మీద గాడి కోసిన మనిషి ఎవరు, ఏ టేపు నుంచి కోశాడు, ఫ్యాక్టరీలో ప్రెస్ ఎంత శుభ్రంగా నడిచింది అన్నవే తేడా తెచ్చేవి. మా వాడికి మొదట చెప్పిన మాట, "బరువు చూసి మోసపోకురా" అని.

మొదటి రకం, 1981 నాటి అసలు ప్రెస్సింగ్, సెకండ్ హ్యాండ్‌లో. అమెరికాలో కొలంబియా కంపెనీ వేసింది. కేటలాగ్ నంబర్ ఎఫ్‌సీ 37152. యూరప్‌లో ఫిలిప్స్ వేసింది. నంబర్ 6302 137. మెక్‌లాఫ్లిన్, డి మియోలా కొలంబియా కళాకారులు, పాకో ఫిలిప్స్ మనిషి, అందుకే ఇలా పంచుకున్నారు. ఈ రికార్డు అప్పట్లో బాగా అమ్ముడుపోయింది కాబట్టి అపురూపమైనదేమీ కాదు. అమెరికాలో పాత రికార్డుల షాపు ఏది చూసినా జాజ్ పెట్టెలో ఒక కాపీ దొరికే అవకాశం ఎక్కువ. అపురూపం కాని రికార్డుకు 'ఒరిజినల్ ప్రెస్' అన్న మాట అడ్డం పెట్టి ఎవరైనా రేటు పెంచుతుంటే నవ్వి పక్క పెట్టెలోకి వెళ్లొచ్చు.

దీనిలో లాభం ఏమిటంటే, టేపు కొత్తగా ఉన్నప్పుడే కోసిన గాడి ఇది. నలభై ఏళ్ల తర్వాత టేపు బయటికి తీసి, తుడిచి, మళ్లీ ఎక్కించే తతంగం లేదు. ఆనాటి కొలంబియా మామూలు ప్రెస్సింగ్ కూడా సరిగా ఉన్న కాపీ దొరికితే చాలా బాగా పలుకుతుంది. ఒక్కో వైపు దాదాపు 20 నిమిషాలే. 33 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి దాదాపు 33 చుట్లు తిరిగే ఎల్పీకి అది హాయిగా సరిపోయే నిడివి, గాళ్లను ఇరికించి కోయాల్సిన అవసరం రాలేదు.

నష్టమూ అక్కడే ఉంది. బాగా అమ్ముడైన రికార్డు అంటే బాగా వాడిన రికార్డు. పైగా ఇది షో చూపించే రికార్డు. ఇంటికి ఎవరొచ్చినా "ఇది విను" అని పెట్టి, మొదటి పాట అయ్యాక తీసేసే రకం. అందుకని సైడ్ ఒకటి మొదటి పాట గాడి నలిగి, సైడ్ రెండు కొత్తగా ఉన్న కాపీలు తగులుతుంటాయి. నాకు అలాంటిదే తగిలింది. విదేశంలో ఉన్న ఒక అమ్మకందారు 'వీజీ ప్లస్', అంటే బాగా ఉన్న కాపీ అని గ్రేడ్ ఇచ్చి పంపాడు. అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. మెల్లగా వాయించే చోట అంతా బాగానే ఉంది. వేగం పెరిగి ఇద్దరూ గట్టిగా మీటగానే తీగ చివర ఇసుక రాలినట్టు గరగర. ఎవరో అరిగిపోయిన ముల్లుతో ఏళ్ల తరబడి వాయించి గాడి గోడలు చెక్కేశారు. ఆ అరుగుదల కంటికి కనిపించదు, కడిగితే పోదు. పైపెచ్చు, డిస్కును అట్టలోనే ఉంచి పంపడం వల్ల దారిలో అది కదిలి కదిలి అట్ట కింది అంచు చీలిపోయింది.

కాబట్టి పాతది కొనేటప్పుడు అడగాల్సింది ఒకటే ముఖ్యం: వాయించి గ్రేడ్ ఇచ్చారా, చూసి ఇచ్చారా? గ్రేడ్‌ల పేర్లు కూడా మోసం చేస్తాయి. 'వీజీ' అంటే వెరీ గుడ్ అనుకుంటాం, నిజానికి చిటపటలు వినిపిస్తాయని అర్థం. ఒట్టి 'జి' అయితే గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు. ఈ ఆల్బమ్ వరకు 'నియర్ మింట్' (దాదాపు కొత్తది) కిందికి దిగొద్దని నా సలహా. షాపులో చేతికి తీసుకుని చూడగలిగితే, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. మధ్యలో రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి వంకర గీతలు ఉంటాయి. ప్లేయర్ మధ్యలోని స్పిండిల్ (ఇరుసు) కోసం గుడ్డిగా వెతుకుతూ పెట్టినప్పుడు పడేవి. అవి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా వాయించినట్టు. అమ్మేవాడు చెప్పని చరిత్ర ఆ లేబుల్ చెబుతుంది. దూరం నుంచి తెప్పించుకుంటుంటే, డిస్కును అట్ట బయట పెట్టి ప్యాక్ చేయమని రాయండి. మంచి అమ్మకందారు అడగకుండానే చేస్తాడు, అడిగితే ఏమీ అనుకోడు.

మన దగ్గర వెతకాలంటే? హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య అప్పుడప్పుడూ ఎల్పీలు కనిపిస్తాయి, ముంబై చోర్ బజార్‌లో ఇంకా ఎక్కువ. కానీ అక్కడ దొరికేవి ఎక్కువగా సినిమా పాటలు. ఫలానా జాజ్ రికార్డు కోసం వెళితే రోజు వృథా. ఊరికే తిరగడానికి వెళ్లి దొరికితే అదృష్టం అనుకోవాలి.

రెండో రకం, మామూలు కొత్త రీఇష్యూ, అంటే ఇప్పుడు మళ్లీ వేసిన ప్రతి. ఒకే డిస్కు, 33 ఆర్‌పీఎం, సాధారణంగా 180 గ్రాములు. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కొత్తది కాబట్టి గాడి అరగలేదు, ఎవరి వేలిముద్రలూ లేవు, చెడితే తిరిగి ఇచ్చేయొచ్చు. మామూలు రీఇష్యూల్లో చాలావాటికి మూలం హై రిజల్యూషన్ డిజిటల్ ఫైలే. అదేమీ పాపం కాదు. సరిగా చేస్తే చెవి పట్టుకోలేదు. ఇబ్బంది వేరేచోట వస్తుంది. కొత్త డిస్కుల్లో రంధ్రం అణువంత పక్కకు పడటం, అంచు వంకర పోవడం, లోపలి కాగితం కవర్ నుంచి పీచు అంటుకుని చిటపటలాడటం నేను పాతవాటి కంటే ఎక్కువే చూశాను. 'కొత్తది కదా' అని సీలు తీయకుండా బీరువాలో పెట్టేయకండి. వచ్చిన వారంలోనే రెండు వైపులా వాయించి చూడండి, రిటర్న్ గడువు దాటితే మనల్ని పట్టించుకునేవాడు ఉండడు. బహుమతికి, మొదటి రికార్డుగా కొనుక్కోవడానికి, సెకండ్ హ్యాండ్ వేటకు ఓపిక లేనివాళ్లకు ఇదే సరి.

మూడోది ఖరీదైనది. మా వాడిని గాభరా పెట్టింది అదే. ఇంపెక్స్ అనే అమెరికన్ సంస్థ 'వన్ స్టెప్' పద్ధతిలో, 45 ఆర్‌పీఎంలో, రెండు డిస్కులుగా, నంబర్లు వేసి పరిమితంగా విడుదల చేసింది. ఇందులో రెండు విషయాలున్నాయి, రెండూ విడివిడిగా అర్థం చేసుకోవాలి.

వన్ స్టెప్ అంటే ఇది. మామూలుగా రికార్డు తయారీలో ముందు లాకర్ అనే మెత్తటి పళ్లెం మీద గాడి కోస్తారు. దానికి లోహపు పూత పోసి ఒక అచ్చు తీస్తారు, దాన్ని ఫాదర్ అంటారు. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. ఆ స్టాంపర్‌తో వేడి వినైల్ ముద్ద మీద నొక్కితే మన చేతికొచ్చే రికార్డు. స్టాంపర్ అరిగితే మదర్ నుంచి ఇంకోటి తీసుకోవచ్చు, అందుకే వేలకు వేలు వేయగలరు. వన్ స్టెప్‌లో మధ్యలోని రెండు మెట్లు ఎగరగొట్టి, లాకర్ నుంచి తీసిన మొదటి అచ్చుతోనే నొక్కేస్తారు. జిరాక్సుకు జిరాక్సు తీయకుండా అసలు కాగితం నుంచే తీసినట్టు. అచ్చు అరిగిపోతే మళ్లీ లాకర్ కోయాల్సిందే. కాపీలు తక్కువ, ఖర్చు ఎక్కువ. ధర అందుకే, పెట్టె అందం కోసం మాత్రమే కాదు.

45 ఆర్‌పీఎం వల్ల వచ్చే లాభం మాత్రం లెక్కేసి చూపించొచ్చు. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా, ముల్లు కింద గాడి పరిగెత్తే వేగం అంచు దగ్గర ఎక్కువ, లేబుల్ దగ్గర తక్కువ. 33 ఆర్‌పీఎంలో బయటి అంచు దగ్గర సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి పోతుంది. లోపలి చివరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంటే సగం కూడా కాదు. అదే సమాచారాన్ని తక్కువ చోట ఇరికించాలి కాబట్టి, సైడు చివర్లో పై స్థాయి శబ్దాలు నలుగుతాయి. అందరూ 'ఇన్నర్ గ్రూవ్ డిస్టార్షన్' అని భయపడేది దీన్నే. 45లో అదే లోపలి చోట సెకనుకు 28 సెంటీమీటర్లు వస్తుంది. పైగా రెండు డిస్కుల మీద పరిచారు కాబట్టి గాడి అంత లోపలి దాకా వెళ్లాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఈ ఆల్బమ్‌లో ఆ లాభం ఎక్కడ పనికొస్తుందో చెప్పాలి. మామూలు ఎల్పీలో సైడ్ ఒకటి రెండో పాట 'షార్ట్ టేల్స్ ఆఫ్ ద బ్లాక్ ఫారెస్ట్'. మెక్‌లాఫ్లిన్, డి మియోలా జంటగా వాయిస్తారు. మధ్యలో ఆటపట్టిస్తున్నట్టు 'పింక్ పాంథర్' బాణీ ఎత్తుకుంటే జనం గొల్లుమంటారు. ఇద్దరూ పిక్కుతో (వేళ్ల మధ్య పట్టుకునే చిన్న బిళ్లతో) మీటేవాళ్లే, స్వరాలు వడగళ్లలా పడతాయి. ఆ వడగళ్లన్నీ పడేది సైడు లోపలి సగంలోనే. నా టర్న్‌టేబుల్ మీద మామూలు ముల్లుతో అక్కడ 'టక్ టక్' అని వినపడాల్సింది కాస్త 'చక్ చక్' అని వినిపించేది. 45 రెండు డిస్కుల ప్రతిని ఒక మిత్రుడి ఇంట్లో విన్నప్పుడు అదే చోట ఒక్కో స్వరం విడిగా, గింజ గింజగా నిలబడింది. తేడా నిజమే. నేను కాదనను.

కానీ ఆ తేడాకు ఇంకో దారి ఉంది, చాలా చవకగా. నా కార్ట్‌రిడ్జ్, అంటే ముల్లును పట్టుకునే చిన్న భాగం, ఆడియో టెక్నికా వీఎం95 రకం. దాని శరీరం అలాగే ఉంచి, ముల్లు మాత్రం లాగి ఇంకోటి తగిలించుకోవచ్చు. కోడిగుడ్డు ఆకారపు మామూలు ముల్లు తీసి, గాడి గోడలకు సన్నగా, పొడుగ్గా ఆనుకునే మైక్రోలీనియర్ ముల్లు పెట్టాను. టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) గాడి మీద మోపే బరువు రెండు గ్రాములకు సరిచేసి, కాగితపు ప్రొట్రాక్టర్‌తో కోణం సరిచూశాను. ఆ సాయంత్రం నా 1981 కాపీలో 'చక్ చక్' చాలావరకు పోయింది. పైగా ఆ ముల్లు నా దగ్గరున్న ప్రతి రికార్డుకూ పనికొచ్చింది. ఒక్క ఆల్బమ్ కోసం ఆ ఖరీదైన పెట్టెకు డబ్బులు పోసేకంటే ఇది నయం కాదా? మా తమ్ముడికి ఫోన్‌లో గట్టిగా చెప్పింది ఈ మాటే. ముల్లూ, అమరికా సరిగా లేని చోట వన్ స్టెప్ కొనడం అంటే చెప్పుల్లేకుండా పట్టుపంచె కట్టుకుని ఎర్రటి ఎండలో నడవడం.

సూట్‌కేస్ ప్లేయర్ ఉన్నవాళ్లయితే ఖరీదైన ప్రతి జోలికే పోవద్దు. వాటి ముల్లు ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది, ఆ గాడి మీద అది నాగలి. మరో చిన్న సంగతి: రేగా ప్లానార్ 1 లాంటి టర్న్‌టేబుళ్లలో 33 నుంచి 45కు మారాలంటే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) పైకి తీసి బెల్టు చేత్తో మార్చాలి. అదీ కాక 45 ప్రతిలో నాలుగు సైడ్లు. పది నిమిషాలకోసారి లేచి తిప్పాలి. కచేరీ రికార్డుకు ఇది కాస్త రసభంగమే. జనం చప్పట్లు ఇంకా ఆగకముందే ముల్లు పైకి లేస్తుంది, మనం కాఫీ కప్పు పక్కన పెట్టి లేవాలి. నాకది నచ్చదు. మోకాళ్లు బాగున్నవాళ్లకు ఇబ్బంది అనిపించకపోవచ్చు.

ఏ ప్రతి తెచ్చుకున్నా ముందు ఒక పని చేయండి. 'మెడిటరేనియన్ సన్‌డాన్స్' పెట్టి కళ్లు మూసుకోండి. ఇందులో పాకో, డి మియోలా ఇద్దరే. పాకో ఎడమ స్పీకర్‌లో ఉండాలి: నైలాన్ తీగలు, వేళ్లతో మీటడం, బొటనవేలి దెబ్బ గుండ్రంగా, కాస్త చెక్క వాసనతో. డి మియోలా కుడివైపు: స్టీలు తీగలు, పిక్కు, గాజు ముక్కల్లా పదును. మెక్‌లాఫ్లిన్ వచ్చే పాటల్లో ఆయన మధ్యలో కూర్చుంటాడు. గుండ్రటి గిటార్ కుడివైపు వినిపిస్తుంటే రికార్డు తప్పు కాదు, వెనక వైర్లు తారుమారయ్యాయి. మా ఇంట్లో ఏడాదిపాటు అలాగే విన్నాం. ఫ్లమెంకో తెలిసిన ఒకాయన భోజనానికి వచ్చి, పప్పు కలుపుకుంటూ, "పాకో అటెందుకున్నాడు?" అని అడిగేదాకా ఎవరికీ తట్టలేదు.

లైవ్ రికార్డు అని కొంటున్నారు కాబట్టి ఇంకోటీ తెలిసి ఉండాలి. సైడ్ రెండు చివరి పాట 'గార్డియన్ ఏంజెల్' వార్‌ఫీల్డ్‌లో వాయించింది కాదు. న్యూయార్క్ రాష్ట్రం వైట్ ప్లెయిన్స్‌లోని మినాట్ సౌండ్ స్టూడియోలో రికార్డు చేసింది. నాలుగు నిమిషాల మెక్‌లాఫ్లిన్ రచన. అక్కడ జనం అరుపులు హఠాత్తుగా మాయమైతే మీ కాపీ చెడిందని కంగారు పడొద్దు.

ఇవి కాక పక్క దారులు రెండున్నాయి.

ఒకటి, 'సాటర్డే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో'. ఆ మర్నాడు, డిసెంబర్ 6న, అదే హాలులో వాయించింది. టేపులు దశాబ్దాలు మూలన పడి ఉండి 2022లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. శుక్రవారం ఆల్బమ్‌లోని పాట ఒక్కటీ ఇందులో తిరిగి రాలేదు. ఒక్కొక్కరు ఒంటరిగా వాయించిన ముక్కలూ ఉన్నాయి. కాబట్టి ఇది మొదటిదానికి బదులు కాదు, తర్వాతిది. దీనికి 1981 ప్రతి అంటూ లేదు గనక పాతదా కొత్తదా అన్న తలనొప్పి కూడా తక్కువ. ముగ్గురూ కలిసి పోటీ పడటం కావాలంటే శుక్రవారం, ఒక్కొక్కరి చెయ్యి విడిగా వినాలంటే శనివారం. రెండూ కొనగలిగితే శుక్రవారం పాతది, శనివారం కొత్తది తీసుకుంటే ఒక్క ఖరీదైన పెట్టె కంటే తక్కువలో రెండు రాత్రులూ ఇంటికొస్తాయి.

రెండోది, కర్ణాటక సంగీతం విని పెరిగినవాళ్ల కోసం. మెక్‌లాఫ్లిన్ గిటార్ మీదే మీ ఆసక్తి అయితే, 'శక్తి' మొదటి ఆల్బమ్ చూడండి. అదీ లైవే, 1975 జులై 5న న్యూయార్క్ దగ్గర సౌత్‌హాంప్టన్ కాలేజీలో రికార్డయింది. వయొలిన్, తబలా, ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం. కానీ ఎల్పీగా కొనేముందు ఒక్క హెచ్చరిక. దాని సైడ్ రెండు మొత్తం ఒకే పాట, దాదాపు 29 నిమిషాలు. అంత నిడివి ఒక వైపు ఇరికించాలంటే గాళ్లు సన్నగా కోయాలి, శబ్దం మట్టం తగ్గించాలి. మీరు వాల్యూమ్ పెంచితే దాంతోపాటు చిటపటలూ పెరుగుతాయి. శుక్రవారం ఆల్బమ్‌లో వైపుకు 20 నిమిషాలు ఎందుకు హాయి అన్నానో ఈ రెండూ పక్కపక్కన వింటే తెలుస్తుంది. శక్తిని నేను సీడీలోనే వింటాను, సిగ్గుపడను.

ఆ మాటకొస్తే శుక్రవారం ఆల్బమ్‌కూ సీడీ ఉంది. నిశ్శబ్దమే మొదటి అర్హత అని పైన నేనే అన్నాను కాబట్టి అడుగుతారు: మరి సీడీ ఎందుకు కాదు? టర్న్‌టేబుల్ లేనివాళ్లు దీనికోసం కొత్తగా కొనక్కర్లేదు. సీడీ కొనుక్కోండి, ఏమీ కోల్పోరు. టర్న్‌టేబుల్ ఇప్పటికే ఉన్నవాళ్లకే ఈ గోలంతా.

తెప్పించుకోవడం గురించి రెండు మాటలు. ఇండియాకు ఒక్క రికార్డు పోస్టులో తెప్పిస్తే పాత కాపీ ఖరీదు కంటే కొరియరూ, కస్టమ్సూ కలిసి ఎక్కువైపోయే సందర్భాలున్నాయి. నలుగురు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకుంటే గిట్టుబాటు. మనుషులతో తెప్పిస్తే చేతి బ్యాగులో పెట్టమనండి. ఎల్పీ అట్ట ముప్పై రెండు సెంటీమీటర్ల లోపే, పెద్ద ల్యాప్‌టాప్ బ్యాగులో పట్టేస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చే దారిలో భోజనానికి ఆగి కారు ఎండలో వదిలేస్తే మాత్రం అన్ని జాగ్రత్తలూ బూడిదే. విజయవాడ మే నెలలో అద్దాలు ఎత్తేసిన కారులో గంటసేపు చాలు, రికార్డు అప్పడంలా వంగుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్లకు ఎండ కంటే తేమ శత్రువు. అట్టకు బూజు పడుతుంది. గోడకు ఆనించకుండా, నిలువుగా, గాలి ఆడేలా పెట్టుకోండి. కాగితం కవర్ తీసేసి ప్లాస్టిక్ పొర ఉన్న లోపలి కవర్ వేస్తే పీచు బాధ కూడా తీరుతుంది.

మొత్తం విన్నాక మా తమ్ముడు, "అయితే పాతది తెస్తాలే, మిగిలిన డబ్బుతో నాకు ముల్లు కొనిపెట్టు" అన్నాడు. వాడికీ ఒక టర్న్‌టేబుల్ ఉందని ఆ రోజే తెలిసింది. తీరా తెచ్చింది కొలంబియా కాపీ. అట్ట మూల మీద చెరిపినా పోని ధర స్టిక్కర్, లేబుల్ మీద బాల్‌పాయింట్‌తో ఎవరిదో పేరు, 1982 అని తేదీ. రంధ్రం చుట్టూ గీతలు రెండే. కనుమ రోజు మధ్యాహ్నం, గారెలూ కోడికూరా అయ్యాక, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి ఆరబెట్టి పెట్టాం. సైడ్ ఒకటి లోపలి సగంలో నేను చెవి స్పీకర్‌కు ఆనించి కూర్చున్నాను. వాడు మాత్రం అట్ట వెనక్కి తిప్పి చూస్తూ, "అన్నయ్యా, శనివారంది ఎప్పుడు తెమ్మంటావ్?" అన్నాడు. ఉగాదికి మా పిన్ని వస్తోందని చెప్పాను.